చోడిపిండి, పసుపు ప్యాకెట్లకి ఏది మేలు: చేతి కాటానా, వైబ్రేటరా, స్క్రూ మిషనా?

చోడిపిండి (రాగిపిండి), పసుపు, కారం ఇంట్లోనే ప్యాకెట్లు కట్టి అమ్మేవాళ్ళు ఆమదాలవలస నుంచి బొబ్బిలి దాకా ఏ ఊరికెళ్ళినా కనిపిస్తున్నారు. సరుకు కాస్త కదలడం మొదలైతే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "ఆ నింపే మిషనేదో కొనేద్దామేటి, పని బేగి తెమిలిపోద్ది కదా!" ఆన్‌లైన్‌లో వెతికితే పదిహేను, ఇరవై వేల నుంచి లక్షన్నర, రెండు లక్షల దాకా ఉన్నాయి. అన్నిటికీ ఒకటే పేరు, పౌడర్ ఫిల్లింగ్ మిషను. చిక్కంతా అక్కడే ఉంది. ఆ పేరుతో అమ్మేవాటిలో పిండికి పనికొచ్చేవి కొన్నే.

తక్కువ ధరకి దొరికేవి దాదాపుగా వైబ్రేటర్ మిషన్లు. పైన సరుకు పోసే తొట్టి, అదే హాపర్, దాని కింద వణికే చిన్న తట్ట, ఆ కింద బరువు చూసే లోడ్ సెల్ మీద కూర్చున్న గిన్నె. తట్ట వణుకుతుంటే సరుకు గిన్నెలోకి జారుతుంది. మనం పెట్టిన బరువు రాగానే తట్ట ఆగి గిన్నె తెరుచుకుంటుంది. తట్ట ఆగేసరికి ఇంకా గాలిలో ఉన్న సరుకు కూడా గిన్నెలోకే పడుతుంది కాబట్టి మంచి మిషను బరువు దగ్గర పడుతుండగానే నెమ్మదించి, కాస్త ముందుగానే ఆపేస్తుంది. చోళ్ళు, గంటెలు, ఉప్మా రవ్వ, జీలకర్ర, టీ పొడి, పంచదార లాంటివి దీనిలో చక్కగా సాగుతాయి. గింజ సరుకు మాత్రమే ప్యాక్ చేసేవాళ్ళు ఇక ఆలోచించక్కర్లేదు, ఇదే కొనుక్కోవచ్చు.

మెత్తటి పిండి దగ్గర కథ మారిపోతుంది. వణుకుడికి గింజ జారుతుంది గానీ పిండి దిమ్మెసుకుంటుంది. హాపర్ మూతి దగ్గర గూడు కట్టి కాసేపు ఏమీ పడదు, తర్వాత గడ్డగా ఒక్కసారి దిగుతుంది. బరువు దాటిపోయిందని మిషనుకి తెలిసే లోపే పిండి గిన్నెలో ఉంటుంది. పసుపు ఇంకా మొండిది. దానిలో నూనె గుణం ఉంది, పైగా మెత్తన, తట్టకి పట్టేస్తుంది. సీతంపేట కొండల పసుపు తెచ్చి మర పట్టించి అమ్మేవాళ్ళు ఈ మిషను పక్కన చెక్క గరిటె పట్టుకుని నిలబడాల్సిందే, గూడు కట్టినప్పుడల్లా కొట్టడానికి. ఒక మనిషి కాపలా ఉండాల్సిన దాన్ని ఆటోమేటిక్ అనడం నాకు ఒప్పదు.

స్క్రూ మిషను, అదే ఆగర్ ఫిల్లర్, పిండి కోసమే పుట్టింది. గరాటు ఆకారం హాపర్ మధ్యలో నిలువుగా స్క్రూ ఉంటుంది, పక్కన పిండిని కలుపుతూ ఉండే రెక్క. స్క్రూ ఇన్ని చుట్లు తిరిగితే ఇంత పిండి దిగుతుందని లెక్క. పిండిని నెట్టి దింపుతుంది కాబట్టి గూడు కట్టే బెడద పెద్దగా లేదు. పిండి దిగే గొట్టం, అదే నాజిల్, పౌచ్ మెడ లోపలికి వెళ్తుంది కాబట్టి దుమ్ము కూడా తక్కువ.

కాకపోతే చాలా స్క్రూ మిషన్లు బరువు చూడవు, చుట్లే లెక్కపెడతాయి. మర నుంచి అప్పుడే వచ్చిన పిండిలో గాలి ఉంటుంది, అందుకే అదే చుట్లకి తక్కువ బరువు దిగుతుంది. రాత్రంతా ఆరబెట్టి పొద్దున్న నింపితే పిండి సర్దుకుని ఉంటుంది, ఎక్కువ దిగుతుంది. (వేడి పిండి వెంటనే కడితే ప్యాకెట్ లోపల చెమ్మ పడుతుంది కాబట్టి ఎలాగూ ఆరబెట్టాల్సిందే.) హాపర్ నిండుగా ఉన్నప్పుడూ, అడుక్కి వచ్చినప్పుడూ కూడా తేడా వస్తుంది. హాపర్ని సగానికి తగ్గనివ్వకపోవడం, పది ప్యాకెట్లకి ఒకటి కాటా మీద పెట్టి చుట్లు సరిచేయడం అలవాటైతే సరిపోతుంది. కింద లోడ్ సెల్ ఉండి బరువు చూసి తనే ఆగే స్క్రూ మిషన్లూ ఉన్నాయి. వాటికి ఈ బాధ తక్కువ, ధర ఎక్కువ.

గ్రాము తేడాకి ఇంత గొడవ ఎందుకు అంటే, రెండు కారణాలు. మొదటిది చట్టం. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 100 గ్రాముల ప్యాకెట్‌లో 4.5 గ్రాములు, 200 గ్రాముల దాంట్లో 9 గ్రాములు, అర కిలోకీ కిలోకీ 15 గ్రాముల దాకా తేడా ఉండొచ్చు. అలాగని అన్నీ తగ్గించి నింపుతామంటే కుదరదు, సగటు మాత్రం రాసిన బరువుకి తగ్గకూడదు. రెండోది మన జేబు. తగ్గుతుందేమోనన్న భయంతో 100 గ్రాముల ప్యాకెట్‌లో సగటున 3 గ్రాములు ఎక్కువ వేస్తే, వెయ్యి ప్యాకెట్లకి 3 కిలోల పసుపు ఉత్తిపుణ్యానికి పోతుంది. కిలో 300 రూపాయలు అనుకుంటే 900. క్వింటా పసుపుకి ఇంత. మిషను పెట్టుబడి తిరిగొస్తుందా రాదా అన్నది తేల్చేది ఈ లెక్కే. వేగం దాని తర్వాత.

మరి చేతి కాటా? దీన్ని తీసిపారేయడానికి వీల్లేదు. గరిటె, ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ఓపిక ఉన్న మనిషి గ్రాము తేడాలో నింపగలదు. ఏ పిండికైనా అదే కాటా, కడిగేది గిన్నె ఒక్కటే. పసుపు అయ్యాక చోడిపిండి మొదలెట్టడానికి స్క్రూ మిషనయితే హాపర్, రెక్క, స్క్రూ అన్నీ విప్పి తుడవాలి. లేకపోతే మొదటి పాతిక ప్యాకెట్లు పచ్చగా వస్తాయి. పైగా తీరం పక్క ఊళ్ళకి తుపాను సంగతి వేరే చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ కాటాకి ఆ బెంగ లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అమ్మకానికి తూచే కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దాన్ని ఏటా వేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికే వంటింటి కాటా లెక్కలోకి రాదు.

వేగం గురించి చాలామంది చూడని సంగతి ఒకటుంది. నింపే మిషను నిమిషానికి పది, పదిహేను ప్యాకెట్లు దింపినా, పక్కన చేత్తో నొక్కే సీలింగ్ మిషను మీద అప్ప ఒక్కతే కూర్చుంటే అవన్నీ అక్కడే గుట్ట పడతాయి. తేదీ, బ్యాచ్ ముద్ర వేసే పని దాని తర్వాత ఎలాగూ ఉంది. అందుకని కాటాతో నింపే ఇంట్లో ముందు కొనాల్సింది బెల్టు మీద ప్యాకెట్లు నడిచే బ్యాండ్ సీలర్ అని నా అభిప్రాయం. ధర స్క్రూ మిషనులో నాలుగో వంతు కూడా ఉండదు, పని సగానికి తగ్గుతుంది. ఇంకోటి, పౌచ్ మూతికి పిండి అంటితే సీలు పట్టదు. దుకాణానికి చేరేసరికి మూల ఊడి ఉంటుంది. పొడుగు మెడ గరాటు వాడి, సీలు వేసే ముందు మూతి లోపల గుడ్డతో తుడిస్తే ఈ తలనొప్పి తగ్గుతుంది.

కాబట్టి నా లెక్క ఇది. నెలకి రెండు మూడు క్వింటాళ్ళ లోపు, నాలుగైదు రకాలు, రోజుకో రకం: కాటా, బ్యాండ్ సీలర్. గింజ, రవ్వ సరుకు: వైబ్రేటర్. ఒకే పిండి, రోజూ, అది కూడా నమ్మకమైన ఆర్డర్ల మీద: స్క్రూ మిషను, వీలైతే లోడ్ సెల్ ఉన్నది. పసుపు, కారం, పిండి మూడింటికీ ఒకే స్క్రూ మిషను అంటే మాత్రం నేను వద్దంటాను. విప్పి తుడిచే పనికే పూట గడిచిపోతుంది.

డబ్బు సర్దుబాటుకి పీఎంఎఫ్‌ఎంఈ పథకం ఉంది, తిండి సరుకులు తయారుచేసే చిన్న యూనిట్ల కోసం 2020లో కేంద్రం పెట్టింది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. అది బ్యాంకు అప్పుతో ముడిపడినది, కాబట్టి ముందు బ్యాంకుకి వెళ్ళి తర్వాత దుకాణానికి వెళ్ళాలి. స్వయం సహాయక సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళకి అదే పథకం కింద తలకి 40 వేల దాకా మొదటి పెట్టుబడి (సీడ్ క్యాపిటల్) ఉంది. చిన్న పనిముట్లు కొనడానికి దాన్ని వాడుకోవచ్చు, బ్యాండ్ సీలర్ అందులోనే వచ్చేస్తుంది.

మిషను చూడ్డానికి విశాఖ వెళ్ళేటప్పుడు సొంత పిండి పది కిలోలు వెంట తీసుకెళ్ళాలి. దుకాణంలో వాళ్ళు చూపించేది పంచదారో రవ్వో అయి ఉంటుంది, దానిలో ఏ మిషనైనా బాగానే ఆడుతుంది. మన పిండితో ఇరవై ప్యాకెట్లు నింపించి, ముద్ర ఉన్న కాటా మీద ఒక్కొక్కటీ తూచి, పౌచ్ బరువు తీసేసి కాగితం మీద రాసుకోవాలి. హాపర్ నిండుగా ఉన్నప్పుడు పది, అడుక్కి వచ్చాక పది. ఫ్యాను వేయించి కూడా చూడాలి, లోడ్ సెల్ గాలికే కదులుతుంది, మన ఇళ్ళల్లో ఫ్యాను లేకుండా ఎవరు పని చేస్తారు? పిండికి తగిలే భాగాలు స్టీలేనా, స్క్రూ ఎన్ని నిమిషాల్లో ఊడుతుంది, ఐదు ఆంపియర్ల ప్లగ్గుకి సరిపోతుందా, బోర్డు పాడైతే శ్రీకాకుళం దాకా మెకానిక్ వస్తాడా లేక మిషనునే బస్సులో వేసుకుని పోవాలా అన్నవి బిల్లు రాయించక ముందే అడగాలి, చివరిదానికి జవాబు బిల్లు మీదే రాయించుకోవాలి.