స్కాటీ మాన్యువల్ డౌన్‌రిగ్గర్: ఒక వేసవి వాడాక

అమెరికాలో మిల్వాకీ దగ్గర మిషిగన్ సరస్సులో సాల్మన్ పట్టాలన్న ఆశతో మా 16 అడుగుల పడవకి స్కాటీ కంపెనీ వాళ్ల చేత్తో తిప్పే డౌన్‌రిగ్గర్ (గాలాన్ని లోతుకి దింపే పరికరం) బిగించాం, వేసవంతా వాడి చెబుతున్నా, కొత్తవాళ్లకి ఇది చాలు. ఎలక్ట్రిక్‌ది అక్కర్లేదు. ఎండలకి పైనీళ్లు వేడెక్కితే సాల్మన్ చేపలు చల్లదనం కోసం లోతుకి దిగిపోతాయి, మామూలు గాలం అక్కడిదాకా పోదు. ఇందులో స్టీలు తీగకి వేలాడే 10 పౌండ్ల గుండు మన గాలం దారాన్ని క్లిప్పుతో పట్టుకుని కిందకి తీసుకెళ్తుంది, ఎంత తీగ దిగిందో కౌంటర్ చూపిస్తుంది. పడవ కదిలేటప్పుడు తీగ వెనక్కి వాలుతుంది కాబట్టి గుండు ఉండేది ఆ అంకె కన్నా కాస్త పైనే, అది గుర్తుంచుకోండి.

అసలు డబ్బు పెట్టాల్సింది క్లిప్పు మీద, చేప లాగగానే అది దారాన్ని వదిలేయాలి. నేను మొదట కొన్న చవక క్లిప్పు, వేరే కంపెనీది, దారాన్ని వదల్లేదు, చిన్న చేప పడితే తెలియక అరగంట ఈడ్చుకుంటూ తిరిగాం, పైకి తీసి చూశాక ప్రాణం ఉసూరుమంది. మంచిది పెట్టాక చూడాలి: చేప పడగానే దారం క్లిప్పు నుంచి ఊడి, విల్లులా వంగి ఉన్న గాలం కర్ర టప్పున లేచి నిలబడుతుంది, మళ్లీ సర్రున వంగుతుంది, రీలు గిర్రున తిరుగుతుంది!

గుండు నీళ్లపైకి వచ్చాక ఊగి పడవకి కొట్టుకుంటుంది, రెండో చేత్తో పట్టుకోండి.