పాటల యాప్‌కి ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేముందు ఇది చదవండి

అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు ముఖ్యంగా చదవండి. డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా పాటలు వస్తాయంటే, ఓ యాప్‌లో ఏడాది ప్లాను తీసుకున్నాం. మా చెరువు గట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రమే. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ తెల్లవార్లూ మెలకువగా ఉండాలంటే నాన్నగారికి ఘంటసాల పాటలుండాలి.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఓ రాత్రి చూస్తే లిస్టులో సగం పాటలు మసకబారిపోయాయి, నొక్కినా మోగవు. కస్టమర్ కేర్‌ని అడిగితే, ఆ ఆడియో కంపెనీతో ఒప్పందం ముగిసిందన్నారు. డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వరట!

అక్కడ డౌన్‌లోడ్ అంటే పాట మన సొంతమైనట్టు కాదండి. తాళం వేసిన పెట్టె మన ఫోన్లో, తాళంచెవి వాళ్ల దగ్గర. ప్లాను అయిపోతే పాటలు ఆగిపోతాయి. ప్లాను ఉన్నా, స్పాటిఫైలాంటి వాటిలో 30 రోజులకోసారైనా నెట్‌కి కలపాలి. 2022 మే నెలలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేసిన సంగతి మనకి తెలుసు. అసలు యాపే లేకుండా పోవచ్చు కూడా: రెస్సో 2024 జనవరి 31న మన దేశంలో మూతపడింది, అదే ఏడాది వింక్‌ని ఎయిర్‌టెల్ ఆపేసింది.

డబ్బు పోయినదానికన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంట్లో మారిన అలవాటు. పద్యం చివర ఘంటసాల రాగం తీస్తుంటే నాన్నగారు కదలకుండా వింటారు. అది ముగియగానే ఆటోప్లే ఏదో రీమిక్సు అందుకుంటుంది. పిల్లలైతే పల్లవి రాకుండానే తర్వాతి పాటకి జరిపేస్తున్నారు. ఏ పాటైనా అడగ్గానే వస్తుందన్న ధీమాతో సీడీ కొనడం, పాట దాచుకోవడం మానేశాం. మన దగ్గర ఏమీ మిగలకపోబట్టే ఏటా కట్టక తప్పని పరిస్థితి వస్తోంది.

తీసుకోవాలనుకుంటే ముందు నెల ప్లానే తీసుకోండి. మీకు కావలసిన పాత పాటలు అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ వెతికి చూశాకే డబ్బు కట్టండి. పోకూడదనుకునే పాటలు సీడీగానో, మామూలు ఎంపీ3గానో కొని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఆటోపే, అంటే గడువు రాగానే మన ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లిపోయే ఏర్పాటు. 15,000 రూపాయల్లోపు అయితే రెన్యువల్‌కి మళ్లీ పిన్ అడక్కుండానే కోసేసుకుంటారు. 24 గంటల ముందు మెసేజ్ పంపాలన్నది ఆర్‌బీఐ నిబంధన, దాన్ని చూడకుండా వదలొద్దు. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, యూపీఐ యాప్‌లోకి వెళ్లి రద్దు చేయాలి.