డార్విన్ దగ్గర బారాముండి ఫిషింగ్ ట్రిప్, అదేనండీ మన పండుగప్ప (4/5 స్టార్లు)

ముందే చెప్తున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. మేం వెళ్ళింది ఒక్క గైడు, ఒక్క బోటు ఉన్న చిన్న సర్వీసు, ఒకట్రెండు కంప్లైంట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు వద్దనుకున్నా. ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న ఈ డార్విన్‌లో ఇలాంటి ట్రిప్పులు నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవర్ని బుక్ చేసుకున్నా ముందు అడగాల్సినవి మాత్రం దాదాపు ఇవే.

మాది భీమవరం పక్కన పల్లెటూరు, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నా. మొన్న మే నెలలో నాన్న వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళు చేపల చెరువులు చేసిన మనిషి. సిడ్నీ వెళ్దామా అంటే "నీ ఇష్టం రా" అన్నారు, డార్విన్‌లో పండుగప్ప పడదామా అంటే "ఎప్పుడు" అన్నారు. అంతే, నాలుగు గంటల పైన ఫ్లైటు, పోయాం.

చాలామందికి తెలీదు గానీ ఆస్ట్రేలియా వాళ్ళు బారాముండి, ముద్దుగా బారా అని పిలిచేది, మన పండుగప్ప, బెంగాలీల భేట్కీ, తమిళుల కొడువా అన్నీ ఒకటే చేప, లేట్స్ కాల్కారిఫర్. నేను చిన్నప్పట్నుంచి తిన్నా, ఇక్కడ సూపర్ మార్కెట్లో ఫిల్లెట్లు కొన్నా, కానీ ప్రాణంతో నీళ్ళల్లోంచి ఎగరడం ఒక్కసారి కూడా చూళ్ళేదు. నాన్న చూశారు, అది వేరే కథ. విడిగా పెంచితే పండుగప్ప డబ్బు, కానీ పిలవకుండా నీళ్ళతో పాటు చెరువులోకి దూరిందంటే వేసిన సీడ్, అంటే చేప పిల్లల్ని, మింగేసి రైతుని ముంచుతుంది, అందుకే ఆయనకి ఆ చేప మీద పాత కోపం ఒకటి ఉంది.

తెల్లారకుండానే ఐదున్నరకి పికప్. ఆర్నెమ్ హైవే మీద హంప్టీ డూ అనే ఊరు దాటి, ఆడిలైడ్ రివర్ బ్రిడ్జి దాటి, వంద కిలోమీటర్ల పైన వెళ్తే కొరొబొరీ బిల్లబాంగ్ వస్తుంది. బిల్లబాంగ్ అంటే వరద తగ్గాక నిలబడిపోయే నది పాయ, మన మడుగు లాంటిది, ఇది మేరీ రివర్‌కి చెందింది. బోటు దింపగానే పొద్దుటి ఎండలో గులాబీ తామరపూలు, కళ్ళు పట్టనంత మేర, ఆకుల మీద సన్న కాళ్ళ పిట్టలు నడుస్తున్నాయి, ఒడ్డున ఎర్ర కాళ్ళ పెద్ద కొంగ. నాన్న కాసేపు గాలం సంగతే ఎత్తలేదు, మన కొల్లేరే రా అన్నారు. తేడా ఒక్కటే, కొల్లేట్లో ఐదు మీటర్ల మొసళ్ళుండవు. ఇక్కడ 1971లో మొసళ్ళ వేట ఆపేశాక వాటి సంఖ్య విపరీతంగా పెరిగింది, మేరీ రివర్ అవి బాగా ఎక్కువగా ఉండే చోట్లలో ఒకటి. మొదటి గంటలోనే మూడు కనపడ్డాయి. చేతికి బురద అంటిందని నేను అలవాటుగా నీళ్ళల్లోకి చెయ్యి పెట్టబోతే గైడు ఒక్క అరుపు అరిచాడు, అప్పటిదాకా నెమ్మదిగా మాట్లాడిన మనిషి. చెయ్యి కడుక్కోడానికి బకెట్టు ఇచ్చాడు. పిల్లల్తో వెళ్ళేవాళ్ళు ఈ విషయం చాలా సీరియస్‌గా తీసుకోండి.

ఇక ఫిషింగ్. ఎర ఏదిరా అన్నారు నాన్న, గైడు ప్లాస్టిక్ చేప తీసి చూపించాడు, దాన్ని లూర్ అంటారు, పొట్ట కిందొకటి తోక దగ్గరొకటి మూడు ముళ్ళ గాలాలుంటాయి. నాన్నకి నమ్మకం కుదర్లేదు. ఉప్పుటేట్లో బతికున్న రొయ్య గుచ్చి వేసిన ఆయనకి ప్లాస్టిక్ ముక్క అంటే ఎలా కుదురుతుంది. పద్ధతేంటంటే తామరాకుల అంచునో, నీళ్ళల్లో పడిపోయిన చెట్టు పక్కనో లూర్ విసరాలి, రెండు చిన్న కుదుపులు ఇచ్చి ఆపాలి, మళ్ళీ రెండు కుదుపులు, మళ్ళీ ఆపాలి. ఆ ఆపడమే కీలకం, దెబ్బ తిన్న చేప పిల్ల ఒక్క క్షణం తేలినట్టు కనిపిస్తుంది కదా, బారా ఎక్కువగా అప్పుడే కొడుతుంది. గైడు ఇది మాకు విసుగులేకుండా కనీసం పాతికసార్లు చూపించుంటాడు, నాన్నకి ఇంగ్లీషు అంతగా రాదు, అయినా ఆయన మణికట్టు పట్టుకుని మరీ నేర్పించాడు. ఈ ట్రిప్పుకి నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి సగం కారణం ఆ మనిషి ఓపికే.

రెండు గంటలు ఏమీ లేదు. తర్వాత నా లూర్ ఆగిన చోట నీళ్ళు లోపలికి పీల్చినట్టయ్యి "బూఫ్" అని ఒక శబ్దం, వెంటనే రాడ్, అంటే గాలం కర్ర, వంగిపోయింది, చేప మొత్తం పైకొచ్చి నోరు పూర్తిగా తెరిచి తల అటూ ఇటూ ఝాడించింది, నేను ఉత్సాహంలో రాడ్ పైకెత్తేశా, లూర్ ఊడి నా వైపే ఎగిరొచ్చింది. చేప పోయింది. ఎగిరినప్పుడు రాడ్ కొన కిందికి, నీళ్ళ దగ్గరికి దించాలట, లేకపోతే దారం లూజై ఊడిపోతుందట. రెండోసారి దించా. ఎగిరింది, దించా, మళ్ళీ ఎగిరింది, మళ్ళీ దించా, బోటు కిందకి దూరబోయింది, చేతులు వణికిపోయాయి, చివరికి వలలోకొచ్చింది. 63 సెంటీమీటర్లు. వెండి ఒళ్ళు, పసుపు రెక్కలు, బంగారంలా మెరిసే కన్ను. ముప్పై ఎనిమిదేళ్ళుగా కంచంలో చూసిన చేప ఇంత అందంగా ఉంటుందని నాకు నిజంగా తెలీదు. మొప్ప మూత జాగ్రత్త, బ్లేడులా కోస్తుంది, గైడు గ్లవ్స్ ఇచ్చాడు.

నాన్నకి మూడు పడ్డాయి. మొదటిది 48, కొలత చాల్లేదు, అక్కడ 55 సెంటీమీటర్ల లోపు ఉంటే వదిలెయ్యాల్సిందే. ఆయన రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకుని నీళ్ళల్లోకి దించుతూ దాంతో ఏదో మాట్లాడారు, నాకు వినపడలా. అన్నట్టు ఈ చేప మొదట మగదిగా పెరిగి కొన్నేళ్ళకి ఆడదిగా మారుతుంది, అందుకే బాగా పెద్దవన్నీ గుడ్లు పెట్టే తల్లులే, గైడు వాటిని ఎప్పుడూ ఉంచుకోనివ్వడట. నాన్న తలూపి, మా వైపు కూడా ఇది పెద్దయ్యాక మొగ దగ్గరికే, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికే పోతుంది, ఉప్పు తగిలితేనే గుడ్లు పెడుతుంది అన్నారు, నేను ట్రాన్స్‌లేట్ చేశా, గైడుకి భలే ముచ్చటేసింది, అక్కణ్ణుంచి ఇద్దరికీ నేను మధ్యలో తీరిక లేకుండా పనిచేశా.

కంప్లైంట్లు రెండు. ఒకటి భోజనం. బుకింగ్ అప్పుడే బీఫ్ వద్దని రాశా, అయినా శాండ్‌విచ్‌లన్నీ బీఫే. నాన్న మధ్యాహ్నం అరటిపండు, బిస్కెట్లతో గడిపారు, అరవై ఆరేళ్ళ మనిషికి అది సరికాదు, అడిగి మరీ రాయించుకున్నప్పుడు చూసుకోవాలి. రెండోది సీటు, వెనక ఆనుకోడానికేమీ లేదు, ఎనిమిది గంటలు అలా కూర్చోవడం పెద్దవాళ్ళకి కష్టం. బోట్లో టాయిలెట్ కూడా ఉండదు. ఒక్కొక్కరికి నాలుగొందల డాలర్ల పైన తీసుకున్నప్పుడు ఇవి సరిచేసుకోవాలని మెయిల్ పెట్టా, సారీ అని జవాబొచ్చింది. ఒక స్టార్ తగ్గింది అందుకే.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, నా సలహా వానలు తగ్గాక, మార్చి నుంచి మే దాకా. ముంపు నీళ్ళు చిన్న పాయల్లోంచి నదిలోకి దిగుతుంటే చిన్న చేపలు కొట్టుకొస్తాయి, బారా ఆ పాయల నోటి దగ్గర కాపు కాస్తుంది. దారి నీళ్ళల్లో ఉందో లేదో గైడుని అడిగే టికెట్లు తీసుకోండి. అక్టోబర్ తర్వాత కూడా బాగా పడతాయంటారు కానీ ఆ ఉక్క పెద్దవాళ్ళు తట్టుకోలేరు. సరదాగా చేపలు పట్టేవాళ్ళకి డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో లైసెన్స్ అక్కర్లేదు.

ఒక్క చేప ఉంచుకున్నాం, నాదే. ఒడ్డున శుభ్రం చేస్తే మొసళ్ళు అలవాటు పడతాయని గైడు తన షెడ్ దాకా తీసుకెళ్ళి ఫిల్లెట్ కోసి తల పక్కన పారెయ్యబోతే నాన్న లేచి నిలబడి "తల, తల" అన్నారు, తెలుగులోనే, చెయ్యి చాపి. గైడు నవ్వి కడిగి ఇచ్చాడు. బిల్లబాంగ్ చేపకి కొంచెం బురద వాసన ఉంటుంది, ఉప్పు, పసుపు, నిమ్మకాయతో రెండుసార్లు రుద్ది కడిగితే పోయింది. డార్విన్‌లో ఇండియన్ షాపులో చింతపండు, కారం దొరికాయి, రాత్రి అపార్ట్‌మెంట్లో తలకాయ పులుసు నాన్నే పెట్టారు, పొద్దున దాకా ఉంచితేనే రుచి అని నన్ను ముట్టనివ్వలేదు.

వెళ్ళేవాళ్ళు కిచెన్ ఉన్న రూమే తీసుకోండి, చేప తలకి సరిపడా పెద్ద కవరు, ఐస్ కూడా పట్టుకెళ్ళండి, మాకు గైడు దగ్గర అంత పెద్ద కవరు దొరకలేదు.