లిస్బన్ భూకంపం: వోల్టేర్ వాదన, రూసో వాదన

1755 నవంబరు 1న, సర్వపునీతుల పండుగనాడు, చర్చిలు భక్తులతో నిండి ఉన్న వేళ వచ్చిన భూకంపమూ, దాని వెంటే సునామీ, మంటలూ పోర్చుగల్ రాజధాని లిస్బన్ నగరంలో చాలా భాగాన్ని నాశనం చేశాయి. జరిగేదంతా మేలుకేనన్న జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్, ఆంగ్ల కవి అలెగ్జాండర్ పోప్‌ల ఆశావాదాన్ని ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ ఈ విపత్తుపై రాసిన కవితలో నిలదీశాడు. ఇది పాపానికి శిక్షే అయితే తల్లి రొమ్మునున్న పసికందులు చేసిన నేరమేమిటని, విలాసాల్లో లిస్బన్‌కు తీసిపోని పారిస్ ఎలా క్షేమంగా ఉందని అడిగాడు.

1756 ఆగస్టులో తత్వవేత్త రూసో వోల్టేర్‌కు రాసిన ఉత్తరం ప్రశ్ననే మరో దిక్కుకు తిప్పింది. ఆరేడు అంతస్తుల ఇళ్లను వేల సంఖ్యలో ఒకేచోట కట్టినది ప్రకృతి కాదు, మనుషులే; జనం విడివిడిగా, చిన్న ఇళ్లలో నివసించి ఉంటే, సొమ్ము కోసం ఆగిపోకుండా ఉంటే నష్టం ఎంతో తగ్గేదని ఆయన వాదించాడు. విపత్తులో మనుషుల పాత్రను వెదికిన ఈ దృష్టి నేటి పట్టణ ప్రణాళికకు దగ్గరగా ఉంది కనుక వాదనగా రూసోదే బలమైనదని నా అభిప్రాయం. అయితే ఆ ఉత్తరంలో దైవకృపను సమర్థించిన భాగం తర్కం కన్నా ఊరటకే చేరువ. బాధితుల దుఃఖాన్ని ఏ సిద్ధాంతం కోసమూ చిన్నబుచ్చని నిజాయితీ వోల్టేర్‌ది. రూసోకు రాసిన జవాబు ఉత్తరంలో వోల్టేర్ వాదనకు దిగలేదు. 1759లో వెలువడిన వోల్టేర్ వ్యంగ్య నవల ‘కాండీడ్’నే రూసో తనకు జవాబుగా భావించాడు.