ఇంటికొచ్చి తీసిన లైఫ్ సర్టిఫికెట్

నవంబర్ వస్తే మా పెన్షనర్లకు ఒకటే టెన్షన్, బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి కదా! పోయినేడు బ్యాంకులో రెండు గంటలు నిలబెట్టి, చివరికి సర్వర్ లేదన్నారు. ఈసారి బెంగళూరు మల్లేశ్వరంలో మా ఇంటికే పోస్ట్‌మ్యాన్‌ను పిలిపించాం. మనిషికి 70 రూపాయలు. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, పెన్షన్ ఖాతా వివరాలు, ఫోను దగ్గర పెట్టుకోవాలి.

నా వేలిముద్ర వెంటనే పడింది. మా ఆవిడ రిటైర్డ్ టీచరు. సుద్దముక్కలకీ అంట్లకీ అరిగిన వేళ్లు, నాలుగుసార్లు పెట్టినా పడలేదు. కళ్లజోడు తీయించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ముఖం ఫొటోతో పూర్తిచేశాడు. "ఆయ్తు అజ్జీ" అన్నాడా అబ్బాయి కన్నడంలో, అంటే అయిపోయింది అమ్మమ్మా అని. అజ్జి అన్నందుకు ఆవిడ మూతి ముడుచుకుంది గానీ, కాఫీ మాత్రం ఇచ్చింది.

పదకొండుకల్లా ఎనిమిదో క్రాస్‌లో చిక్కుడుకాయలు బేరమాడుతున్నాం.