హోమ్ లోన్ మాడిఫికేషన్‌కి (కట్టగలిగేలా లోన్ షరతులు మార్చుకోడానికి) హడ్ ఫ్రీ కౌన్సెలింగ్, మా అనుభవం (5కి 4.5 స్టార్స్)

అమెరికాలో ఇంటి ఇన్‌స్టాల్‌మెంట్ కట్టలేక లోపల్లోపల నలిగిపోతున్న మన తెలుగువాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ఎవరికీ ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి, ముందు హడ్ (HUD, అమెరికా ప్రభుత్వ హౌసింగ్ శాఖ) అప్రూవ్ చేసిన హౌసింగ్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. ఫోర్‌క్లోజర్ (బాకీకి ఇల్లు లాక్కుని వేలం వేయడం) ఆపుకోడానికి ఇచ్చే ఈ కౌన్సెలింగ్‌కి ఫీజు లేదు, హడ్ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొడితే దగ్గర్లో ఉన్న ఏజెన్సీలు వచ్చేస్తాయి.

మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. మా ఆయనకి లేఆఫ్ అయ్యాక నా ఒక్కదాని జీతంతో ఇల్లు, కారు, డేకేర్ అన్నీ నెట్టుకురావడం అవ్వలేదు. టెక్సస్‌లో లోన్ వాళ్ళు మన ఇల్లు అమ్మేయడానికి చాలావరకు కోర్టుకి కూడా వెళ్ళక్కర్లేదండీ, 21 రోజుల ముందు నోటీస్ ఇచ్చి నెలలో మొదటి మంగళవారం కౌంటీలో వేలం వేసేస్తారు. కాకపోతే ఫెడరల్ రూల్ ప్రకారం మామూలుగా 120 రోజులు దాటి బాకీ పడితే గానీ ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు, ఆ టైమే మనకి దొరికే అవకాశం.

మా కౌన్సెలర్ గారు మొట్టమొదట చేసిన పని లోన్ అసలు ఎవరిదో చూడటం. మనం డబ్బు కట్టేది సర్వీసర్‌కి (వాయిదాలు వసూలు చేసే కంపెనీకి), లోన్ ఓనర్ వేరే ఉంటారు, మాది ఫ్యానీ మే (హోమ్ లోన్లు కొనే పెద్ద సంస్థ) అని వాళ్ళ లుకప్ పేజీలోనే తేలింది, అందుకే వాళ్ళ ఫ్లెక్స్ మాడిఫికేషన్ ప్రోగ్రామ్‌కి వెళ్ళాం. తర్వాత అప్లికేషన్. సర్వీసర్ వాళ్ళు పే స్టబ్ పాతదైపోయింది అంటారు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఖాళీ పేజీ కూడా పంపలేదు అంటారు, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచి కథంతా చెప్పాలి. ఆవిడ త్రీ వే కాల్‌లో కూర్చుని, అప్లికేషన్ కంప్లీట్ అయిందని రాతపూర్వకంగా ఇవ్వండి అని గట్టిగా అడిగారు. ఎందుకంటే వేలానికి 37 రోజుల కంటే ముందే కంప్లీట్ అప్లికేషన్ చేరితే, దాని సంగతి తేలేదాకా వాళ్ళు ఇల్లు అమ్మకూడదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం చేతికొచ్చిన రోజు మేమిద్దరం చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నాం.

చివరికి 3 ట్రయల్ పేమెంట్లు (కొత్త వాయిదా కట్టగలమో లేదో చూడటానికి) టైమ్‌కి కట్టాక మాడిఫికేషన్ పర్మనెంట్ అయింది. బాకీ అంతా అసల్లో కలిపేసి గడువుని 480 నెలలకి పెంచారు. నెలవారీ అసలు, వడ్డీ బాగా తగ్గింది, కానీ ఎస్క్రో (వాయిదాతో కలిపి కట్టే ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్) తగ్గదు, టెక్సస్ ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కువన్న సంగతి తెలిసిందే కదా. 40 ఏళ్ళకి మొత్తం వడ్డీ లెక్కేస్తే గుండె గుభేల్‌మంటుంది, ఆ లెక్క కూడా ఆవిడే ముందు కూర్చోబెట్టి చూపించారు, దాచలేదు, అందుకే ఆవిడంటే నాకు అంత గౌరవం.

టెక్సస్‌లో వేలం నోటీసులు కౌంటీలో అందరికీ కనపడతాయి కాబట్టి నోటీస్ పడిందంటే చాలు, మేం మాడిఫికేషన్ చేయిస్తాం అని కాల్స్, ఉత్తరాలు వచ్చిపడతాయి. ఒకతను మాతో తెలుగులోనే తియ్యగా మాట్లాడి ముందు ఫీజు పంపమన్నాడు. లోన్ వాళ్ళ ఆఫర్ రాతలో వచ్చి మనం ఒప్పుకునేదాకా ఇలాంటి కంపెనీలు ఫీజు తీసుకోవడం 2011 నుంచి ఫెడరల్ రూల్ ప్రకారం నిషేధం. ఇంటి డీడ్ (యాజమాన్య పత్రం) వాళ్ళ పేరున రాసివ్వమంటే మాత్రం వెంటనే ఫోన్ పెట్టేయండి.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే అపాయింట్‌మెంట్ తొందరగా దొరకదు. అందుకని పరువు పోతుందని ఆగకుండా, ఒక్క పేమెంట్ కూడా మిస్ అవ్వకముందే ఫోన్ చేసేయండి. ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ లోన్లకి రూల్స్ వేరుగా ఉంటాయి, మీది ఏ లోనో మొదటి కాల్‌లోనే అడిగి తెలుసుకోండి.