ప్రైసింగ్ పేజీ తెరవగానే ఏ ధర కనబడాలి: నెలదా, ఏడాదిదా?

నెల ధర ముందు పెడితే, ఏడాది ప్లాన్‌ను నెలకు లెక్కగట్టి చూపే ధర కంటే అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ, కార్డు నుంచి పోయేదీ అంతే. ఇంకా నమ్మకం కుదరని కొత్త సర్వీసుకు ఇదే మేలు. చిక్కల్లా, కస్టమర్ మానేయడానికైనా, కార్డు గడువు తీరి పేమెంటు ఫెయిలవడానికైనా ఏడాదికి 12 సందర్భాలుంటాయి.

ఏడాది ధర దగ్గరే అసలు తప్పులు జరుగుతాయి. నెలకు 100, ఏడాదికి 1000 అనుకోండి. పెద్దక్షరాల్లో 'నెలకు 83' అని వేసి, 'ఏటా బిల్లు' అన్న మాటను లేత బూడిద రంగులో దాచేస్తారు. చెక్‌అవుట్‌లో ఒక్కసారిగా 1000 కనబడేసరికి, మోసపోయాననుకుని మనిషి వెనక్కి వెళ్లిపోతాడు. దయచేసి అలా చేయకండి. 83 కిందే, ఫోన్‌లో కూడా చదవగలిగే సైజులో 'ఒకేసారి 1000 చెల్లించాలి' అని రాయండి. టోగుల్ (నెల, ఏడాది ప్లాన్ల మధ్య మార్చే బటన్) పక్కన '2 నెలలు ఉచితం' చాలు, అది 16.7 శాతం తగ్గింపు, 20 అని పెంచి చెప్పొద్దు. టోగుల్‌లో ఎంచుకున్న ప్లానే చెక్‌అవుట్‌కు వెళ్తోందో లేదో మీరే నొక్కి చూడండి.

వాడి చూస్తే గానీ విలువ తెలియనిదైతే నెల ధరే ముందు పెట్టండి. బ్యాకప్, అకౌంటింగ్ లాంటి ఏడాది పొడవునా ఆగని అవసరాలకు ఏడాది ధర నప్పుతుంది, రీఫండ్ నియమం పేజీలో ఆ ధర చూపే పెట్టెలోనే ఉంటే.